కెరీర్ ప్రిపరేషన్‌లో విద్యార్థులు చేసే పొరపాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకునే పిల్లలతోనూ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళతోనూ మాట్లాడినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. వరుసగా చదవాలని ఏమీ లేదు. మీకు పనికొచ్చే ప్రశ్న దగ్గర ఆగండి.

విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఏది?

ఉద్యోగం పేరు చూసి మనసు పారేసుకోవడం, ఆ ఉద్యోగంలో రోజూ చేసే పనేమిటో చూడకపోవడం.

లాయర్ అనగానే కోర్టులో లేచి నిలబడి వాదించడమే కళ్ళముందు మెదులుతుంది. నిజానికి చాలామంది లాయర్లకు రోజంతా కాగితాలు చదవడంలో, డ్రాఫ్టులు రాయడంలో, తమ కేసు పిలుపు కోసం కూర్చోవడంలో గడిచిపోతుంది. కొందరైతే కోర్టు మెట్లెక్కకుండా కాంట్రాక్టులు రాసుకుంటూనే సర్వీసంతా గడిపేస్తారు. జంతువులంటే ప్రాణమని వెటర్నరీ చదవాలనుకునేవాళ్ళు ఉంటారు. ఆ వృత్తిలో మాటలన్నీ మనుషులతోనే. కుక్క ఏం తిందో, ఎప్పటినుంచి నలతగా ఉందో చెప్పాల్సింది యజమానే కదా. ఇక అది బతకదని చెప్పాల్సింది కూడా ఆ యజమానికే. గేములంటే పిచ్చి ఉండి గేమ్ టెస్టర్‌గా చేరిన కుర్రాడు ఒకే పాత్రను ఒకే గోడకు వందసార్లు గుద్దించి, ఎన్నోసారి గోడలోంచి అవతలికి దూరిపోయిందో రాసుకుంటూ కూర్చుంటాడు.

ఇవేవీ చెడ్డ పనులు కావు. ఈ రోజువారీ పని నచ్చినవాళ్ళు హాయిగా ఉంటారు. పేరు మాత్రమే నచ్చినవాళ్ళకు ఆరు నెలలకే ఊపిరాడదు.

ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908లో అమెరికాలోని బోస్టన్‌లో యువతకు వృత్తి సలహాలిచ్చే కేంద్రం తెరిచారు. ఆయన చెప్పిన సంగతులు మూడే: నీ సంగతి నువ్వు తెలుసుకో, పని సంగతి తెలుసుకో, ఆ రెండూ ఎంతవరకు పొసుగుతాయో ఆలోచించు. వందేళ్ళు దాటిపోయినా మనం రెండోదాని దగ్గరే తడబడుతున్నాం. ‘నాకేం ఇష్టం’ అని నెలల తరబడి మథనపడతారు గానీ, ఆ పని చేసే మనిషిని ఒక్కరినైనా కలవరు.

ఇంకా చదువుకుంటున్నాను కదా, ఆ పని ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది?

ముందు అడగడం నేర్చుకోవాలి. “మీ ఉద్యోగం ఎలా ఉంటుందండీ?” అని అడిగితే “బానే ఉంటుంది” అని జవాబొస్తుంది. దాంతో ఏం చేసుకుంటాం? దానికి బదులు, “నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?” అని అడగండి. నిన్నటి రోజుకు మెరుగులు దిద్దడం ఎవరికైనా కష్టం. రెండు మీటింగులు, ఒక గొడవ, మూడు గంటలు ఎక్సెల్ షీటు, మధ్యలో ఎవరో చేసిన తప్పు సరిదిద్దడం... అదీ అసలు ఉద్యోగం. ఆ తర్వాత ఇంకో రెండు అడగండి: ఈ పనిలో మీకు బాగా విసుగనిపించే భాగం ఏది? మీతోపాటు చేరినవాళ్ళలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు?

ఇలా ముగ్గురిని అడిగితే చాలు. ఒక్కరి మాటే పట్టుకుంటే ఆయన బాసు మీద కోపం మీ కెరీర్ నిర్ణయం అయి కూర్చుంటుంది.

రెండో దారి, పనిలో ఒక చిన్న ముక్క చేసి చూడటం. అనువాదకులు కావాలనుంటే పది పేజీలు అనువదించి, వారం ఆగి మళ్ళీ చదవండి. అకౌంటింగ్ అనుకుంటే ఇంట్లో మూడు నెలల ఖర్చులు రాసి, ఎక్కడా తేడా రాకుండా లెక్క తేల్చండి. డిజైన్ అనుకుంటే తెలిసినవాళ్ళ కార్యక్రమానికి ఒక పోస్టర్ చేసిపెట్టి, వాళ్ళు ఏడోసారి మార్పు చెప్పినప్పుడు మీకెలా ఉందో గమనించుకోండి. బ్రోషర్ చూస్తే తెలియనిది ఆ ఏడో మార్పు దగ్గర తెలుస్తుంది.

నాకు దేనిమీదా ప్యాషన్ లేదు. నాలో ఏదైనా లోపమా?

లేదు. ఇష్టం అనేది లోపల ఎక్కడో దాక్కుని ఉంటుంది, వెతికి పట్టుకోవాలి అనుకోవడమే చిక్కు తెచ్చిపెడుతోంది. 2018లో పాల్ ఓకీఫ్, క్యారల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ కలిసి చేసిన పరిశోధనలో విద్యార్థులకు ముందు బ్లాక్ హోల్స్ మీద ఒక సరదా వీడియో చూపించారు. అందరికీ నచ్చింది. తర్వాత అదే విషయం మీద కొరుకుడుపడని శాస్త్రీయ వ్యాసం చదవమన్నారు. ఇష్టాలు ముందే తయారై ఉంటాయని నమ్మేవాళ్ళకు కష్టం ఎదురవగానే ఆసక్తి బాగా పడిపోయింది. ఇష్టాలు పెంచుకుంటే పెరుగుతాయని నమ్మేవాళ్ళకు అంతగా పడిపోలేదు.

కాబట్టి ‘ఇది నా ప్యాషన్ కాదేమో’ అనే అనుమానం సరిగ్గా కష్టమైన చాప్టర్ దగ్గరే వస్తే దాన్ని వెంటనే నమ్మేయకండి. చేతికి కాస్త పని పట్టుబడ్డాకే చాలామందికి ఇష్టం కలుగుతుంది. ఈత రానివాళ్ళకు నీళ్ళంటే ఏం సరదా ఉంటుంది?

ఆన్‌లైన్ కెరీర్ టెస్టులు నమ్మొచ్చా?

ఆలోచన మొదలుపెట్టడానికి పనికొస్తాయి, నిర్ణయం తీసుకోవడానికి చాలవు. వీటిలో చాలావాటికి జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1959లో మొదలుపెట్టిన సిద్ధాంతమే ఆధారం. ఆయన మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడగొట్టారు: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపార దక్షత, పద్ధతిగా చేసే ఆఫీసు పని. మీ మొగ్గు ఎటో చూసుకోవడానికి అది మంచి అద్దమే. అయితే టెస్టు మీ ఆసక్తిని కొలుస్తుంది, మీ సామర్థ్యాన్ని కాదు. పాటలంటే ఇష్టమని తేలినంత మాత్రాన గొంతు బాగుంటుందని కాదు కదా.

మార్కులు బాగా వస్తే చాలదా?

మొదటి తలుపు తెరవడానికి మార్కులు కావాలి. కొన్ని వృత్తుల్లో అవి లేకపోతే తలుపు దగ్గరికి కూడా రానివ్వరు. కాబట్టి ‘మార్కులతో పనేం లేదు’ అని చెప్పేవాళ్ళను వినకండి. చెప్పేవాళ్ళలో చాలామందికి ఆ మార్కులు ఉన్నాయి!

ఇబ్బందల్లా వేరే దగ్గర ఉంది. పరీక్షలో ప్రశ్న స్పష్టంగా ఉంటుంది, జవాబు ఒకటే ఉంటుంది, టైమ్ అయిపోగానే పేపర్ తీసుకుని వెళ్ళిపోతారు. ఉద్యోగంలో అసలు ప్రశ్నేమిటో తేల్చడమే సగం పని. మీ జవాబు మీద ఇంకొకరి పని ఆధారపడి ఉంటుంది. చాయిస్‌లో వదిలేయడం కుదరదు. మొదటి ర్యాంకు పిల్లలు కొందరు ఆఫీసులో మొదటి నెలంతా ఎవరైనా సిలబస్ ఇస్తారేమోనని ఎదురుచూడటం నేను చూశాను. వాళ్ళకు తెలివి తక్కువై కాదు. ప్రశ్నను తామే తయారుచేసుకోవాల్సిన పని వాళ్ళకు అంతవరకూ ఎవరూ అప్పగించలేదు, అంతే.

గంటల తరబడి చదువుతున్నా గుర్తుండటం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బహుశా చదివిందే మళ్ళీ చదువుతున్నారు. రంగురంగుల హైలైటర్లతో గీతలు గీస్తున్నారు. పేజీ తిప్పితే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూస్తే ఏమీ రాదు.

హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. ఒక గుంపు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం కథ తిరగబడింది. చదువుతూ పోయినవాళ్ళకు 40 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్ళకు 61 శాతం. తమాషా ఏమిటంటే, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది ఆ మొదటి గుంపువాళ్ళే.

పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి. ఆగిపోయిన చోటే మీకు రాని చోటు. ఆ కాగితం చూస్తే కాస్త నామోషీగానే ఉంటుంది, పర్వాలేదు.

ఎన్ని సర్టిఫికెట్లు ఉంటే అంత మంచిదా?

కాదు. కొంతకాలం కొత్తవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకునే పని నా మీద పడింది. ఒక అబ్బాయి రెజ్యూమెలో పంతొమ్మిది సర్టిఫికెట్లు ఉన్నాయి. నేను ఆశగా అందులో ఒకటి పట్టుకుని, “ఇది నేర్చుకున్నాక దీంతో ఏం చేశావు బాబూ?” అని అడిగాను. కోర్సులో ఇచ్చిన అసైన్‌మెంట్ చేశానన్నాడు. ఇంకోదాని గురించి అడిగాను. అదే జవాబు. నాలుగోదానికి ఆ అబ్బాయి ముఖంలోకి చూడలేకపోయాను. ఆ వీడియోలన్నీ అతను శ్రద్ధగా చూసినవాడే. కానీ చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

అదే రోజు వచ్చిన ఒకమ్మాయికి సర్టిఫికెట్టు ఒక్కటే. తన హాస్టల్లో ఎవరి బట్టలు ఎవరి గదికి వెళ్తున్నాయో తెలియక రోజూ గొడవవుతుంటే, లాండ్రీ లెక్క కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసిందట. మొదటి వారం అది తప్పు లెక్కలు చూపించింది, అందరూ తిట్టారు, సరిచేసింది. ఆ తిట్ల దగ్గర మేమిద్దరం అరగంట మాట్లాడుకున్నాం. ఉద్యోగం ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు.

వీడియో తర్వాత వీడియో చూసుకుంటూ పోవడం నేర్చుకోవడంలాగే అనిపిస్తుంది. ఒక కోర్సు చూశాక, రెండోది తెరిచే ముందు ఎవరో ఒకరికి పనికొచ్చేది ఏదైనా చేయండి. ఒక్కరికి పనికొచ్చినా చాలు. లైసెన్సులాగా చట్టప్రకారం తప్పనిసరైన సర్టిఫికెట్ల సంగతి వేరు, అవి ఉండాల్సిందే.

ఇంకా టైముంది కదా, చివరి ఏడాదిలో చూసుకుందాం అనుకోవచ్చా?

ఈ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు, ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే 49 రోజుల దాకా చెప్పారు. తీరా పట్టింది 55 రోజులకు పైనే. అంటే వాళ్ళు ఊహించుకున్న గడ్డు కాలం కన్నా అసలు కాలం ఇంకా గడ్డుగా ఉంది.

అప్పటికి చివరి ఏడాదిలో ప్రాజెక్టు, పరీక్షలు, దరఖాస్తులు, ఇంటర్వ్యూలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వారానికి రెండు గంటల చొప్పున రెండేళ్ళు పెడితే రెండొందల గంటలవుతాయి. ఆ గంటలను చివరి రెండు నెలల్లో ఎక్కడినుంచి తెస్తారు?

ఒకే ఎంట్రన్స్ కోసం ఏళ్ళ తరబడి చదవడం పొరపాటా?

చదవడం పొరపాటు కాదు. ఎప్పుడు ఆపాలో ముందే అనుకోకపోవడం పొరపాటు.

లెక్క ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. లక్ష మంది రాసే పరీక్షలో వెయ్యి సీట్లు ఉంటే, అందరూ అద్భుతంగా చదివినా 99 వేల మందికి సీటు రాదు. ‘కష్టపడితే వస్తుంది’ అనే మాట ఒక్కొక్కరి విషయంలో నిజం కావచ్చు గానీ అందరి విషయంలో నిజం కాలేదు. రానివాళ్ళలో బాగా చదివినవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. అందుకే రాకపోతే అదేదో మీ విలువకు తీర్పు అనుకోకండి.

నేను చెప్పే పద్ధతి ఒకటుంది. మొదలుపెట్టే రోజే ఎన్నిసార్లు రాస్తారో ఒక కాగితం మీద రాసి, మీ బాగు కోరే ఒకరి చేతిలో పెట్టండి. ఓడిపోయిన మర్నాడు ఆ నిర్ణయం తీసుకోవద్దు. ఆ రోజు ఎవరికైనా “ఇంకొక్కసారి” అనే అనిపిస్తుంది, “ఈసారి తృటిలో పోయింది” అనే అనిపిస్తుంది. మాక్ టెస్టుల మార్కులు తేదీలవారీగా రాసుకోండి. ఏడాదిగా అవి అక్కడక్కడే తిరుగుతుంటే, అదే పద్ధతిలో ఇంకో ఏడాది చదివినా అక్కడే తిరుగుతాయి. పద్ధతైనా మార్చాలి, దారైనా మార్చాలి.

చదువుతున్నన్నాళ్ళూ వారంలో ఒక పూట వేరే పని మీద చెయ్యి పెట్టి ఉంచండి. ట్యూషన్ చెప్పడమో, రాయడమో, కోడింగో, ఏదైనా సరే. దృష్టి చెదిరిపోతుందని కొందరు కోప్పడతారు. చెదరదు. పైగా ఇది తప్ప నాకు వేరే బతుకు లేదన్న టెన్షన్ కాస్త తగ్గుతుంది.

ఇంట్లోవాళ్ళు ఒకటి అంటున్నారు, నాకు ఇంకొకటి ఇష్టం. ఏం చేయాలి?

ముందు ఒకటి గమనించండి. అమ్మానాన్నలు ఫలానా కోర్సు అంటున్నప్పుడు చాలాసార్లు వాళ్ళ అసలు మాట కోర్సు గురించి కాదు. ‘రేపు నీకు ఇబ్బంది రాకూడదు’ అన్నదే వాళ్ళ భయం. మీరేమో ఇష్టం గురించి మాట్లాడుతుంటారు. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులిస్తూ పోట్లాడుకుంటున్నారన్న మాట.

“నాకిది ఇష్టం” అన్న ఒక్క మాటతో వెళ్తే ఓడిపోతారు. “ఈ పని చేసే ముగ్గురితో మాట్లాడాను. మొదటి రెండేళ్ళు ఆదాయం ఇలా ఉంటుందన్నారు. ఇప్పటికి నేను చేసింది ఇది. ఏడాదిలో ఇక్కడిదాకా రాలేకపోతే ఫలానా కోర్సులో చేరతాను” అని చెప్పండి. వాళ్ళ భయానికి జవాబు దొరికితే గొంతు దానంతటదే తగ్గుతుంది. అన్నిసార్లూ తగ్గుతుందని నేననను. అలాంటప్పుడు ఇంట్లో వాళ్ళు మాట వినే పెద్దవాళ్ళనెవరినైనా మధ్యలో కూర్చోబెట్టండి, బాబాయో పిన్నో మాస్టారో. ఇంకో మాట: కొన్నిసార్లు వాళ్ళు చెప్పేదే నిజమై ఉంటుంది. ఆ అవకాశం కూడా ఉంచుకునే కూర్చోండి.

ఫ్రెండ్స్ అందరూ ఒకే కోర్సులో చేరుతున్నారు. నేనూ చేరనా?

ఫ్రెండ్స్ కోసమే అయితే వద్దు. స్నేహం సెలవుల్లోనూ నిలుస్తుంది.

చేరిన కోర్సు నాకు సరిపడదని తేలింది. సగం అయిపోయింది. వదిలేయాలా?

‘ఇంత చదివాను కదా’ అన్నదొక్కటే కారణమైతే అది కారణం కాదు. పోయిన కాలం పూర్తిచేసినా తిరిగిరాదు, వదిలేసినా తిరిగిరాదు. చూసుకోవాల్సింది ఇక్కడినుంచి ముందుకే: మిగిలిన సగానికి ఎంత కాలం, ఎంత ఖర్చు? ఆ పట్టా చేతికొస్తే ఏ తలుపులు తెరుచుకుంటాయి? వదిలేస్తే రేపటినుంచే చేయడానికి ఏముంది?

చాలామంది విషయంలో నా సలహా మధ్యే మార్గం. డిగ్రీ పూర్తిచేస్తూ పక్కన కావలసింది నేర్చుకోవడం. ఎందుకంటే చాలా ఉద్యోగాలకు ఏదో ఒక డిగ్రీ చాలు, ఫలానా సబ్జెక్టే కావాలని అడగరు. ఎదురుగా నిర్దిష్టమైన దారి ఉండి, ఈ డిగ్రీతో దానికి సంబంధమే లేకపోతే వదిలేయడం తప్పేమీ కాదు. ఒక్క జాగ్రత్త, పరీక్ష తప్పిన వారంలో మాత్రం ఈ నిర్ణయం వద్దు. సబ్జెక్టు నచ్చకపోవడం వేరు, ఒక లెక్చరర్ నచ్చకపోవడం వేరు.

పరిచయాలు ఉన్నవాళ్ళకే ఉద్యోగాలొస్తాయంటారు. నాకెవరూ తెలీదు. ఎలా?

కొంత నిజమే, కొంత అపోహ. ఉద్యోగం కబురు ఎక్కువగా అందేది దగ్గరివాళ్ళ నుంచి కాదు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్ళను మీరు ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవాళ్ళని అడిగారు. తరచుగా కలిసేవాళ్ళమని చెప్పింది 17 శాతం కన్నా తక్కువే. 55 శాతానికి పైగా అప్పుడప్పుడు కలిసేవాళ్ళమన్నారు. మిగతావాళ్ళు ఎప్పుడోగానీ కలవని మనుషుల ద్వారా ఉద్యోగం తెచ్చుకున్నారు. కారణం తేలికే. మీ దగ్గరి స్నేహితులకు తెలిసిందంతా మీకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు కొంచెం దూరపువాళ్ళ దగ్గర ఉంటుంది.

అంటే మీకు కావాల్సింది పెద్దమనిషి సిఫార్సు కాదు. రెండేళ్ళ సీనియర్, పాత ట్యూషన్ మాస్టారు, ఒక వర్క్‌షాప్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి, వీళ్ళు చాలు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఉద్యోగం కావలసిన రోజే వీళ్ళు గుర్తొస్తారు. మూడేళ్ళుగా పలకరింపు లేని సీనియర్‌కి ఒక మధ్యాహ్నం “హాయ్ అన్నా, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉన్నాయా? రెజ్యూమె అటాచ్ చేశాను” అని మెసేజ్ పెడితే ఆయనకెలా ఉంటుంది? అదే, ఆర్నెల్ల కిందట “అన్నా, మీరు చెప్పిన టాపిక్ మీద ప్రాజెక్ట్ చేశాను, ఇక్కడ ఆగిపోయాను” అని అడిగి ఉంటే ఓపెనింగ్ రాగానే ఆయనే మీకు చెప్పేవాడు.

రెజ్యూమెలో ఎక్కువగా కనిపించే తప్పేమిటి?

ఎవరి పేరు పెట్టినా సరిపోయే వాక్యాలు. ‘కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, టీమ్‌తో కలిసి పనిచేయగలను.’ ఇవి కాదనేవాళ్ళెవరైనా ఉంటారా? బద్ధకస్తుణ్ణి అని ఎవరూ రాసుకోరు.

ఒక వాక్యం తీసుకుందాం. ‘కాలేజీ ఫెస్ట్ నిర్వహణలో చురుగ్గా పాల్గొన్నాను.’ ఏం చేశావు అంటే వాలంటీర్‌ని అంటాడు. అంటే ఏంటి అంటే రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర ఉన్నానంటాడు. ఇంకాస్త లాగితే, మొదటి రోజు క్యూ గేటు దాటిపోయిందని, రాత్రికి రాత్రే పేర్లను అక్షరాలవారీగా నాలుగు లిస్టులుగా విడగొట్టి నాలుగు టేబుళ్ళు వేశారని, రెండో రోజు క్యూ కదిలిపోయిందని తేలుతుంది. మరి అది రాయవేం! ‘రిజిస్ట్రేషన్ క్యూ ఆగిపోతుంటే పేర్లను నాలుగు టేబుళ్ళకు విడగొట్టి రెండో రోజుకల్లా రద్దీ తగ్గించాను.’ ఈ వాక్యం ఇంకెవరిదీ కాదు.

అబద్ధాలు మాత్రం వద్దు. రాసిన ప్రతి లైనూ ఇంటర్వ్యూలో మీకే ప్రశ్నై తిరిగొస్తుంది.

ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టొచ్చా?

బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే తేలిపోతుంది. అందరు అభ్యర్థులనూ ముందే రాసుకున్న ఒకే రకం ప్రశ్నలడిగి, ఒకే కొలతతో మార్కులేసే పద్ధతిని ఇప్పుడు చాలా సంస్థలు వాడుతున్నాయి. దానికి కారణం ఉంది. పాల్ సాకెట్ బృందం 2022లో పాత అధ్యయనాలను తిరిగి లెక్కగట్టి చూసినప్పుడు, ఎవరు బాగా పనిచేస్తారో ముందుగా చెప్పగల పద్ధతుల్లో ఇలాంటి ఇంటర్వ్యూయే మొదటి స్థానంలో నిలిచింది. ఇందులో ‘మీరు చేసిన పనిలో పొరపాటు జరిగిన సందర్భం చెప్పండి’ తరహా ప్రశ్నలు వస్తాయి. మీ జీవితంలోంచి ఐదారు నిజమైన సంఘటనలు గుర్తుచేసుకుని సిద్ధంగా ఉంచుకోండి: ఒక గొడవ, ఒక ఓటమి, ఒక గడువు, మీరు మనసు మార్చుకున్న ఒక సందర్భం. మాటలు బట్టీ వద్దు, సంఘటనలు గుర్తుంటే చాలు. ఒకసారి ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. వినడం నరకమే, కానీ “అంటే... యాక్చువల్‌గా...” ఎన్నిసార్లు అంటున్నారో తెలుస్తుంది.

ఏఐ వచ్చేసింది కదా, ఇప్పుడు ఏది చదివినా లాభం లేదంటున్నారు. నిజమేనా?

జోస్యాల విషయంలో కాస్త నిదానం అవసరం. ఎంత గొప్పవాళ్ళవైనా సరే. జెఫ్రీ హింటన్ ఈ రంగానికి పునాదులు వేసినవారిలో ఒకరు, 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నారు. ఆయనే 2016లో, ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలని, ఐదేళ్ళలో ఆ పని యంత్రాలు వాళ్ళకన్నా బాగా చేస్తాయని అన్నారు. ఐదేళ్ళూ గడిచిపోయాయి, రేడియాలజిస్టులు ఇంకా ఉన్నారు. స్కాన్ చూడటంలో ఏఐ సాయం నిజంగానే వచ్చింది. కానీ వాళ్ళ ఉద్యోగం స్కాన్ చూడటం ఒక్కటే కాదు. తోటి డాక్టర్లతో చర్చించడం, అనుమానం వస్తే ఏ పరీక్ష చేయాలో చెప్పడం, రిపోర్టుకు బాధ్యత వహించడం కూడా. ఆ మాట నమ్మి అప్పట్లో ఆ కోర్సు వదిలేసుకున్నవాళ్ళుంటే వాళ్ళకు ఏం చెబుతాం?

అలాగని ఏమీ మారదని ధీమాగా ఉండటమూ పొరపాటే. ఉద్యోగం మొత్తంగా ఉంటుందా పోతుందా అని కాకుండా, అందులోని ఏ ముక్కను యంత్రం చేస్తుంది, ఏ ముక్క మనిషి చేతిలో ఉంటుంది అని చూడండి. ఇక్కడ కూడా ఆ రోజువారీ పని తెలిసినవాళ్ళే సరిగ్గా చెప్పగలరు.

విద్యార్థులకు నాకు కనిపించే అసలు ప్రమాదం ఇంకోటి. అసైన్‌మెంట్లన్నీ ఏఐ చేత రాయించుకుని, తప్పు ఎక్కడుందో పట్టుకునే కన్ను లేకుండా బయటికి రావడం. క్యాలిక్యులేటర్ వాడేవాడికి కూడా జవాబు సుమారుగా ఎంత రావాలో తెలియాలి. ముందు మీరు ఒక చిత్తుప్రతి రాసి, తర్వాత దాని చేత తప్పులు పట్టించండి. వరుస తారుమారైతే నేర్చుకునేది అదే తప్ప మీరు కాదు.

జీతం చూసి కెరీర్ ఎంచుకోవడం తప్పా?

తప్పు కాదు. డబ్బు అక్కర్లేదనేవాళ్ళకు సాధారణంగా డబ్బుంటుంది. అయితే ప్రకటనల్లో కనిపించేది అందరికన్నా ఎక్కువ తెచ్చుకున్నవాడి జీతం. మీరు అడగాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం, అదీ మొదటి ఏడాదిది ఒకటి, పదో ఏడాదిది ఒకటి. కోర్సు కోసం అప్పు చేస్తుంటే, నెలవారీ వాయిదా ఆ మొదటి ఏడాది జీతంలో ఎంత భాగమో సంతకం పెట్టకముందే లెక్క వేయండి.

కమ్యూనికేషన్ స్కిల్స్ అంటే గలగలా మాట్లాడటమేనా?

కాదు. అవతలివాళ్ళకు పని తేలికయ్యేలా చెప్పడం. తక్కువ మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ విషయంలో దిట్టలు. చిన్న ఉదాహరణ, ఒక విద్యార్థి రాసిన మెయిల్: ‘సార్, నా ప్రాజెక్ట్‌లో ప్రాబ్లం వచ్చింది, ప్లీజ్ హెల్ప్.’ ఏ ప్రాజెక్టు? ఏం ప్రాబ్లం? ఇప్పుడు ఆయన రెండు ప్రశ్నలు తిరిగి రాయాలి, అందుకే రేపు చూద్దామని పక్కన పెడతాడు. అదే ‘సార్, సెన్సార్ ప్రాజెక్ట్‌లో రీడింగ్ ప్రతి పది నిమిషాలకు సున్నా అవుతోంది. వైరు మార్చాను, బ్యాటరీ మార్చాను, తేడా లేదు. ఫొటో జత చేశాను. శుక్రవారం డెమో ఉంది. కోడ్ చూడాలా, సెన్సార్ మార్చాలా?’ అని రాస్తే ఫోన్ పట్టుకుని నడుస్తూనే జవాబిచ్చేస్తాడు.

ఆ మెయిల్ ఏ ఐడీ నుంచి వెళ్తోందో కూడా ఒకసారి చూసుకోండి. తొమ్మిదో తరగతిలో సరదాగా పెట్టుకున్న ‘కిల్లర్ రాకీ’ ఐడీతోనే ఉద్యోగానికి దరఖాస్తు పంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.